పట్టికలో ఒక వరుస దేనికి గుర్తు?

ప్రశ్న: నేను లలితకళలలో పీజీ చదువుతున్నాను. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1929 నుంచి 1989 వరకు తాను ఏర్పాటు చేసిన ప్రదర్శనల వివరాలను ఎవరైనా వాడుకోగల పట్టికగా ఇంటర్నెట్‌లో ఉంచిందని తెలిసి, దానిని దించుకున్నాను. ఏ కళాకారులు ఎవరితో కలిసి ప్రదర్శితులయ్యారో చూపే బొమ్మ గీస్తే చిక్కుపడిన నూలు ఉండలాంటిది వచ్చింది. ప్రదర్శనల చరిత్రను డేటా విజువలైజేషన్‌తో, అంటే లెక్కలను బొమ్మలుగా గీసి, పరిశీలించే పద్ధతి ఏమిటి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ బొమ్మ చిక్కుపడడానికి కారణం సాఫ్ట్‌వేర్ కాదు, అందులోని లెక్క. ఒకే ప్రదర్శనలో ఉన్న ప్రతి ఇద్దరి మధ్యా ఒక గీత గీయమని మీరు కంప్యూటరుకు చెప్పి ఉంటారు. వాడుకలో మోమా అని పిలిచే ఈ మ్యూజియం మొదటి ప్రదర్శన 1929 నవంబరు 7న ప్రారంభమైంది. అందులో ఉన్నవారు సెజాన్, గోగా, సూరా, వాన్ గో అనే నలుగురు చిత్రకారులే కనుక వారి మధ్య పడేవి ఆరు గీతలు. ఆ డిసెంబరులోనే మొదలైన రెండో ప్రదర్శన పందొమ్మిది మంది సజీవ అమెరికన్ చిత్రకారులది. అక్కడ గీతలు 171. నూరుగురు పాల్గొన్న ప్రదర్శన ఒక్కటి చేరితే 4,950 గీతలు వచ్చి పడతాయి. పెద్ద ప్రదర్శనలు చిన్నవాటిని ఇలా కప్పేయకుండా ఉండాలంటే, ప్రతి గీత బరువును, అంటే లెక్కలో దానికి ఇచ్చే విలువను, ఆ ప్రదర్శనలోని కళాకారుల సంఖ్యకు ఒకటి తక్కువతో భాగించండి. అప్పుడు ప్రతి కళాకారుడికీ ఒక్కో ప్రదర్శన నుంచి వచ్చే మొత్తం బరువు ఒకటే అవుతుంది.

అయితే గీతకు అర్థం ఏమిటన్నది అంతకన్నా ముందు తేల్చుకోవలసిన విషయం. పెళ్లిలో ఒకే పంక్తిలో కూర్చుని భోంచేసినవారంతా చుట్టాలు కానట్టే, ఒకే గోడ మీద వేలాడిన చిత్రాల కర్తలు ఒకరికొకరు తెలిసినవారు కానక్కరలేదు. గోగా, వాన్ గో 1888 చివరలో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో సుమారు రెండు నెలలు ఒకే ఇంట్లో నివసించిన మాట నిజమే. కానీ మీ బొమ్మలో 1929 నాటి గీత ఆ స్నేహానిది కాదు, అప్పటికి ఎప్పుడో చనిపోయిన ఆ ఇద్దరినీ ఒకే ప్రదర్శనలోకి తెచ్చిన మ్యూజియం తొలి డైరెక్టరు ఆల్ఫ్రెడ్ బార్ నిర్ణయానిది. ఈ పట్టిక నుంచి మీరు గీసే ప్రతి బొమ్మా కళాకారుల చరిత్ర కన్నా ఎంపిక చేసినవారి చరిత్రనే ఎక్కువగా చెబుతుంది. నా దృష్టిలో అది లోపం కాదు, ఈ పట్టికకు ఉన్న అసలు విలువ అదే.

కనుక వల బొమ్మను కొంతకాలం పక్కన పెట్టి, ఎక్సెల్‌లోనే గీయగలిగిన చుక్కల గ్రాఫుతో మొదలుపెట్టమని నా సలహా. అడ్డంగా ప్రదర్శన సంవత్సరం, నిలువుగా కళాకారుడు పుట్టిన సంవత్సరం తీసుకోండి. మొదటి ప్రదర్శనకు 1839, 1848, 1853, 1859 దగ్గర నాలుగు చుక్కలు పడతాయి. ఆధునికమనే పేరు పెట్టుకున్న మ్యూజియం తలుపులు తెరిచిన రోజున అందులో ఉన్న నలుగురిలో ఒక్కరూ బతికి లేరు. నెల తిరిగేసరికి చుక్కలు పైకి ఎగబాకి, 1882లో పుట్టిన ఎడ్వర్డ్ హాపర్, 1887లో పుట్టిన జార్జియా ఓ'కీఫ్ వంటి సజీవుల దగ్గర కనిపిస్తాయి. ఈ ఊగిసలాట అరవై ఏళ్లలో ఎటు మొగ్గిందో, ఏ దశాబ్దంలో మ్యూజియం తన కాలపు యువకులను వదిలి పాతవారి దగ్గర ఆగిందో ఆ గ్రాఫే మిమ్మల్ని ప్రశ్నించేలా చేస్తుంది.

ఇక వరుస సంగతి. ఈ పట్టికలో ఒక వరుస అంటే ఒక ప్రదర్శనలో ఒక పేరు, అంతే. చిత్రాల సంఖ్య అందులో లేదు. 1939లో మూడు వందలకు పైగా కృతులతో జరిగిన పికాసో ప్రదర్శనలో ఆయనకు దక్కేది, ఒకే చిత్రంతో ఏదో సామూహిక ప్రదర్శనలో పాల్గొన్నవారికి దక్కేది ఒకే రకమైన వరుస. పైగా వరుసలన్నీ కళాకారులవి కావు. ప్రదర్శనకు కృతులను ఎంపిక చేసే క్యురేటర్లు, ప్రదర్శన రూపకర్తలు కూడా అందులో ఉంటారు కాబట్టి, పాత్రను తెలిపే గడిని బట్టి వడపోయకుండా లెక్కిస్తే బార్ కూడా మీ బొమ్మలో చిత్రకారుడైపోతాడు.

స్త్రీపురుష భేదం, జాతీయత తెలిపే గడులతో మరింత జాగ్రత్త అవసరం. రెండో ప్రదర్శనలోని ఆ పందొమ్మిది మందిలో స్త్రీ ఓ'కీఫ్ ఒక్కరే అన్నది సూటి లెక్క. కానీ సంస్థలకు, బృందాలకు ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీలను వేరే రంగులో చూపకుండా శాతాలు కడితే మీ గ్రాఫు తప్పు చెబుతుంది. అదే జాబితాలోని యసువో కునియోషి జపాన్‌లో పుట్టి, బాల్యం దాటగానే అమెరికాకు వచ్చి, అక్కడే చిత్రకారుడైనవాడు. నాటి చట్టాలు ఆసియావాసులకు పౌరసత్వాన్ని నిరాకరించాయి. ప్రదర్శన పేరు ఆయనను అమెరికన్ అంటే, ప్రభుత్వం కాదన్నది. జాతీయత గడిలో పట్టేది ఒక్క మాటే.

పట్టికలో అసలే లేనివి కూడా ఉన్నాయి. 1955లో మోమా భారతీయ వస్త్రాల, అలంకార కళల ప్రదర్శనను ఘనంగా ఏర్పాటు చేసింది. దాని రూపకల్పన అమెరికన్ డిజైనర్ అలెగ్జాండర్ గిరార్డ్‌ది. పేరున్న మనిషికే వరుస దక్కే చోట, ఆ బట్టలు నేసి అద్దినవారి పేర్లు ఎక్కడ వెతుకుతాం? అలాగే ఇది మ్యూజియం తన భవనాల్లో పెట్టిన ప్రదర్శనల జాబితా. 1967లో ఢిల్లీకి వచ్చి మన చిత్రకారులలో చర్చ రేపిన ‘టూ డికేడ్స్ ఆఫ్ అమెరికన్ పెయింటింగ్’ ప్రదర్శనను విదేశాలకు పంపినది ఆ సంస్థే అయినా, న్యూయార్క్ గోడల లెక్కలో దానికి చోటుండదు. గ్రాఫులో ఏ మలుపు కనిపించినా, మోమా 2016 నుంచి తన వెబ్‌సైట్‌లో ఉంచిన ప్రదర్శనల ఫొటోలను, పాత పత్రికా ప్రకటనలను తెరిచి సరిచూసుకోండి. ఒక గదిలో ఎవరి పక్కన ఎవరిని వేలాడదీశారో తెలిపేది ఆ ఫొటోలే.

ప్రశ్న: 1936లో ఆల్ఫ్రెడ్ బార్ గీసిన ప్రసిద్ధ చార్టును డేటా విజువలైజేషన్ అనవచ్చా?
— మరో పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ మాటను ఎంత వదులుగా వాడినా, నేను అనను. ‘క్యూబిజం అండ్ అబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్’ ప్రదర్శన గ్రంథం అట్ట కోసం గీసిన ఆ చార్టులో 1890 నుంచి 1935 వరకు కాలం పైనుంచి కిందికి దిగుతుంది. ఒక కళా ఉద్యమం నుంచి మరొకదానికి బాణాలు ప్రవహిస్తాయి. అవి లెక్కించినవి కావు, బార్ వాదన మాత్రమే. కలిసి ప్రదర్శితులైన వారి గీతలకు దిశ ఉండదు, ఎవరు ఎవరిని ప్రభావితం చేశారో చెప్పే బాణాలకు ఉంటుంది. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. చార్టు పైభాగంలో పేర్లతో నిలిచినవారిలో సెజాన్, గోగా, సూరా, వాన్ గో ఉంటారు. 1929లో ఆయన ఏ నలుగురితో మ్యూజియం తెరిచాడో, ఏడేళ్ల తరువాత వారినే ఆధునిక కళకు పూర్వీకులుగా గీశాడు.