రెక్టమ్ క్యాన్సర్‌కి కరెంటు పెడుతున్నప్పుడు మంట, విరేచనాలు: నాకు ఏం పనికొచ్చిందంటే

మీ నాన్నగారికి రెక్టమ్ (మలద్వారానికి పైన ఉండే పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ అని, 25 రోజుల రేడియేషన్‌లో 12 అయ్యేసరికి విరేచనాలు, మంట పట్టుకున్నాయని, "ఇంక నేను రాను, ఆపేయండి" అంటున్నారని రాశారు. దయచేసి ఆపనివ్వకండి. నాదీ అదే జబ్బు. మాది చీపురుపల్లి దగ్గర పల్లె, నాలుగేళ్ల క్రితం విశాఖలో 28 రోజులు కరెంటు (అదే, రేడియేషన్) పెట్టించుకున్నాను, దాంతోపాటు రెండు పూటలా కేపసైటబీన్ అనే కీమో మాత్రలు. నా ఫైలులో 50.4 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) అని ఉంది, అంటే రోజుకు 1.8 చొప్పున 28 సార్లు. మధ్యలో రోజులు పోతే గడ్డ మళ్లీ పుంజుకునే వీలుంటుందని మా డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు.

మొదటి రెండు వారాలు నాకేమీ తెలియలేదు, మూడో వారంలో ఒక్కసారిగా వచ్చి పడింది. రోజుకు ఏడెనిమిది సార్లు వెళ్లడం, వెళ్లొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపించడం, మళ్లీ వెళ్లి కూర్చుంటే ఏమీ రాకపోవడం, పైగా మూత్రంలో మంట. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే చోటా అది, నర్సులేమో కూతురి వయసు పిల్లలు, సిగ్గుతో వారం రోజులు నోరు విప్పలేదు. మందుల షాపులో అడిగి ఏదో ఆయింట్‌మెంటు తెచ్చి పూసుకుంటే మంట ఇంకా పెరిగింది. చివరికి బల్ల మీద బోర్లా పడుకోబెట్టినప్పుడు టెక్నీషియన్ అబ్బాయే చూసి, "ఇంత పుండు పెట్టుకుని చెప్పలేదేంటండీ" అని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. వాళ్లకి ఇది రోజూ చూసేదే. ఆ వారం బాధంతా నేను అనవసరంగా పడ్డాను, మీ నాన్నగారు పడకూడదనే ఇంత రాస్తున్నాను.

తర్వాత వాళ్లు చెప్పినవి చేశాను. వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని, రోజుకు మూడుసార్లు, పది నిమిషాల చొప్పున కూర్చునేవాణ్ని, మొదటిరోజే కాస్త ప్రాణం కుదుటపడింది. తర్వాత రుద్దకుండా మెత్తటి పాత పంచె ముక్కతో అద్దుకోవాలి. సబ్బు, పౌడరు, కొబ్బరినూనె ఏవీ వద్దన్నారు. డాక్టరు రాసిన క్రీము మాత్రమే, అదీ కరెంటు పెట్టే ముందు పూసుకోవద్దన్నారు. ఇంట్లో ఉన్నంతసేపూ వదులు లుంగీయే.

తిండి సంగతికొస్తే, ఒంటికి మంచిదని మా ఆవిడ రెండు పూటలా చోడి (రాగి) అంబలి ఇచ్చేది, ఆకుకూరలు వండేది. మామూలప్పుడు మంచివే, కానీ పేగు పుండులా ఉన్నప్పుడు పీచు ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయట. ఆపేశాక నాకే తేడా తెలిసింది. తెల్లన్నం మెత్తగా వండి మజ్జిగతో, బియ్యం గంజి ఉప్పేసి, ఇడ్లీ, అరటిపండు, ఉడికించిన గుడ్డు, వీటితోనే నెల గడిచింది. పచ్చళ్లు, కారం, పాలు మానేశాను. ఓఆర్‌ఎస్ నీళ్లు రోజంతా కొంచెం కొంచెం తాగేవాణ్ని.

ఇంకోటి, మూత్రం మంటకి భయపడి మీ నాన్నగారు నీళ్లు తగ్గించేస్తున్నారేమో చూడండి. నేనూ అదే చేశాను. మంట తగ్గకపోగా, కరెంటు పెట్టే టైముకి మూత్రసంచి నిండి ఉండదు. అది నిండుగా ఉంటే చిన్నపేగు పైకి జరిగి దెబ్బ తక్కువ తగులుతుందని, అందుకే ముందు నీళ్లు తాగి కూర్చోమంటారని నాకు ఆలస్యంగా తెలిసింది.

విరేచనాలు ఆపడానికి సొంతంగా మాత్రలు వేయకండి, డాక్టర్ని అడిగి ఎన్నో, ఎప్పుడో కాగితం మీద రాయించుకోండి. మీ నాన్నగారు కూడా కేపసైటబీన్ వేసుకుంటుంటే, దానివల్ల కూడా విరేచనాలు వస్తాయి, అరచేతులు, అరికాళ్లు ఎర్రబడతాయి. నాకు నాలుగు రోజులు ఆ మాత్రలు ఆపించి కరెంటు మాత్రం కొనసాగించారు, ఆ నిర్ణయం వాళ్లదే కావాలి. జ్వరం 100.4 దాటినా, కళ్లు తిరిగినా, రక్తం ఎక్కువ పడినా రాత్రని చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.

శ్రీకాకుళం నుంచి రోజూ బస్సులో తిరుగుతున్నామన్నారు, సగం భయం అదే అయ్యుంటుంది. నేను మూడో వారం నుంచి బస్సు మానేసి, మరుగుదొడ్డి ఉంటుందని రైలెక్కాను. చివరి రెండు వారాలకి ఆసుపత్రికి దగ్గర్లో గది తీసుకున్నాం. అద్దె భారమే, కానీ ముందే తీసుకోవాల్సింది.

మా ఊళ్లో కొందరు ఒంట్లో కరెంటు ఉంటుందని చెప్పి మనవణ్ని నా దగ్గరికి రానివ్వలేదు. ఈ బయటి నుంచి పెట్టే రేడియేషన్ ఒంట్లో మిగలదు. ఎవరైనా అలా అంటుంటే గట్టిగా చెప్పండి, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోనివ్వండి, ఆ సమయంలో మనిషికి అది చాలా అవసరం.

అయిపోయిన వెంటనే తగ్గుతుందనుకోకండి. నాకు ఆఖరిరోజు తర్వాత పదిరోజులు ఇంకా ఎక్కువైంది, ఆ తర్వాత మెల్లగా దిగింది, ఆరో వారానికి మామూలు అన్నం తినగలిగాను, పదో వారంలో ఆపరేషన్ చేశారు.

రేపు వెళ్లేముందు ఒక కాగితం మీద పగలు ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు, మంట ఎక్కడ, రక్తం ఉందా, ఎంత తింటున్నారు అన్నీ రాయండి. ఆయన నోటితో చెప్పలేకపోతే ఆ కాగితం మీరే డాక్టరు చేతికివ్వండి.