స్టార్లు చూడాలా, ప్రీమియం చూడాలా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. తొమ్మిదేళ్ల కారును షోరూములో ఎక్స్ఛేంజికి ఇచ్చి కొత్తది కొనాలనుకుంటున్నాం. ఒకటి 998 సీసీ, భద్రతలో రెండు స్టార్లు, ఆన్‌రోడ్ 8.2 లక్షలు. ఇంకొకటి 1199 సీసీ, ఐదు స్టార్లు, 9.6 లక్షలు. ఇందులో ఇన్సూరెన్సు మొదటిదానికి 38 వేలు, రెండోదానికి 46 వేలు. భద్రమైన కారుకు ప్రీమియం తగ్గాలి కదా, పెరిగిందేమిటి? పాత కారుపై ఒక్క క్లెయిమూ చేయలేదు. పాపకు నాలుగేళ్లు.

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. కానీ మన దగ్గర ప్రీమియం లెక్కలో స్టార్లకు దాదాపు చోటు లేదు. ప్రమాదంలో ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియాన్ని సీసీని బట్టి కేంద్రమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం కొత్త కారుకు మూడేళ్లకు కలిపి, 1000 సీసీ లోపైతే రూ.6,521, ఆపైన 1500 సీసీ వరకు రూ.10,640. జీఎస్టీతో ఈ తేడాయే రూ.4,860 అవుతుంది. అంటే మీరు చెప్పిన ఎనిమిది వేలలో సగానికి పైగా మూడేళ్లకూ కలిపి ముందుగానే కట్టేస్తున్న సొమ్ము. రోజుకు నాలుగున్నర రూపాయలు, టీ కూడా రాదు. మిగతాది కారు ధర ఎక్కువ కావడం వల్ల వచ్చింది.

అసలు ఆలోచించాల్సింది ధరలో ఉన్న 1.4 లక్షల తేడా గురించి. దాన్ని 9 శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పుగా తీసుకుంటే నెలకు సుమారు రూ.2,900 కట్టాలి. పాత కారును తొమ్మిదేళ్లు వాడారు, దీన్నీ అలాగే వాడతారు. నేనైతే ఐదు స్టార్లదే తీసుకుంటాను. కిస్తీ బరువనిపిస్తే సన్‌రూఫ్ లేని వేరియంటుకు దిగండి, కారు మాత్రం మార్చకండి. అయితే స్టార్లు ఏ వేరియంటుకు వచ్చాయో అడగండి. పెద్దవాళ్లకూ పిల్లలకూ వేర్వేరు రేటింగు ఉంటుంది, మీరు రెండోదీ చూడాలి. ఈ స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా ఢీకొట్టిస్తారు. అప్పుడు బాడీ నలిగిపోతే ఆరు ఎయిర్‌బ్యాగులున్నా పూర్తి రక్షణ దొరకదు. "ఆరు బ్యాగులండీ" అన్న సేల్స్ మాటకు పడిపోకండి.

ఇక షోరూము వాళ్లు మీకు చెప్పి ఉండరనుకునే సంగతి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, కారుది కాదు, మీది. అయిదేళ్లకు పైగా క్లెయిమ్ లేదు, పాలసీకి మధ్యలో విరామం లేదు అంటే 50 శాతం వచ్చి ఉండాలి. పాత కారు అప్పగించాక, బదిలీ కాగితాలు చూపించి మీ ఇన్సూరెన్సు కంపెనీ నుంచి బోనస్ సర్టిఫికెట్ తీసుకోండి. ఆ 46 వేలలో ఈ బోనస్ వర్తించే ఓన్ డ్యామేజీ (మీ కారుకు జరిగే నష్టం) భాగం 17 వేలు ఉందనుకుంటే, జీఎస్టీతో కలిపి పది వేలు తగ్గుతాయి. మొదటి కారుకూ ఇది వర్తిస్తుంది, కాదనను. కానీ మిమ్మల్ని భయపెట్టిన ఎనిమిది వేలు ఇక్కడే తిరిగొస్తాయి. పాలసీ షోరూములోనే కొనాలన్న నియమం లేదు. బయట రెండు కొటేషన్లు తీసుకుని, వాటిని చూపించి బేరమాడండి.

తగ్గించకూడనిది ఒకటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మీ పేటలో ఎలా నిలిచాయో నేను చెప్పక్కర్లేదు. మునిగిన కారు పనిచేస్తుందో లేదో చూద్దామని తాళం తిప్పితే, సిలిండర్లలో చేరిన నీటికి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అలా పోయిన ఇంజినుకు మామూలు సమగ్ర పాలసీ సాధారణంగా డబ్బివ్వదు. దానికోసం పాలసీకి అదనంగా ఇంజిన్ ప్రొటెక్షన్ తీసుకోండి. అది ఉన్నా, మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా, వేరే బండితో లాగించి గ్యారేజీకి తీసుకెళ్లండి. విడిభాగాల తరుగు కోయకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్ కూడా కొత్త కారుకు అవసరమే. లేకపోతే ప్లాస్టిక్ బంపరు మారిస్తే సగం మీ జేబులోంచే పోతుంది.

బోనస్‌తో మిగిలిన సొమ్ములో పాపకు ఐసోఫిక్స్ (కారు సీటులోని కొక్కేలకు నేరుగా బిగించే) చైల్డ్ సీటు కొనండి. టెస్ట్ డ్రైవ్ రోజున ఆ సీటును వెనక బిగించి, పాపను కూర్చోబెట్టి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.