మొత్తం తిరగరాసే ముందు ఆ తరుగు లెక్క ఎందుకుందో అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: నాలుగేళ్ళ నాటి కోడ్, చిన్న మార్పుకి కూడా రెండు వారాలు పడుతోంది. మేనేజరేమో కొత్త ఫీచర్లే అడుగుతున్నాడు, టీంలో కుర్రాళ్ళు "ఇదంతా తీసి పారేసి కొత్తగా రాద్దాం" అంటున్నారు. ఈ టెక్నికల్ డెట్‌ని, అంటే కోడ్‌లో పేరుకుపోయి ప్రతి కొత్త పనిలోనూ వడ్డీలా టైము తినేసే అప్పుని, ఎలా అర్థం చేసుకోవాలి, ఎక్కణ్ణుంచి తీర్చాలి?

నేనుండేది భీమవరం. పగలంతా ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను గానీ, ఈ విషయంలో నాకు తెలిసిందంతా ఊళ్ళో ఒక రొయ్యల మేత డీలరు గారి కొట్లో నేర్చుకున్నదే. ఆయన రైతులకి మేత ఇస్తారు, పట్టుబడి అయ్యాక, అంటే చెరువులో రొయ్యలు పట్టాక, సరుకు కూడా ఆయనే కొంటారు. ఆ బిల్లింగ్ ప్రోగ్రాం 2013లో ఎవరో రాశారు. 2016 నుంచి నా నెత్తిన ఉంది. అందులో ఉన్న చెత్తలో సగం నేను వేసిందే.

ఈ అప్పు పోలికని 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ తెచ్చాడు. పెట్టుబడుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌ని స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తూ, నడుస్తున్న కోడ్‌ని ఎందుకు మళ్ళీ మళ్ళీ సరిదిద్దుతున్నామో పైవాళ్ళకి చెప్పాల్సి వచ్చి ఆ మాట వాడాడు. ఇవాళ తెలిసినంతలో శుభ్రంగా రాసి వాడకంలోకి వదులు, వాడుతుంటే కొత్త సంగతులు తెలుస్తాయి, తెలిసినప్పుడల్లా కోడ్‌ని దానికి తగ్గట్టు మార్చు, మార్చనంత కాలం వడ్డీ కడతావు. ఆయన ఉద్దేశం ఇంతే. హడావిడిగా ఎలాగోలా రాసిపడేయమని ఎక్కడా అనలేదు. బద్ధకంతో రాసినదాన్ని కూడా మనం అదే పేరుతో పిలిచి దానికి లేని మర్యాద ఇస్తున్నాం.

మనం చెయ్యి చాచకపోయినా ఈ అప్పు పెరుగుతుంది. లారీ నంబరు తప్పు పడకూడదని ఏపీ 37, ఏపీ 05 తప్ప ఇంకేదీ ఒప్పుకోకుండా ఒక తనిఖీ రాశాను. రాసిన రోజున అది సరైనదే, మా కొట్టుకి వచ్చే బళ్ళన్నీ రెండు గోదావరి జిల్లాలవే. 2019లో కొత్త బళ్ళకి రాష్ట్రమంతా ఏపీ 39 అయింది. గుమాస్తా ఏం చేశాడంటే, కొత్త బండి వచ్చినప్పుడల్లా గుర్తున్న పాత బండి నంబరు ఏదో ఒకటి కొట్టి బిల్లు తీసేశాడు. ఎనిమిది నెలలు. నాకు చెప్పలేదు, చెప్పాలని అతనికి తోచను కూడా తోచలేదు. కోడ్‌లో మార్చాల్సింది ఒక్క లైను, అది అయిదు నిమిషాల పని. ఏ బిల్లు ఏ బండిదో తేల్చి డేటా సరిచేయడానికి మాత్రం నాలుగు ఆదివారాలు పట్టింది. అప్పు కోడ్‌లోంచి డేటాలోకి పాకితే తీర్చడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఇప్పుడు మీ మేనేజర్ సంగతి. మా డీలరు గారూ ఇదే మాట అనేవారు: "ప్రోగ్రాం పనిచేస్తోంది కదా అబ్బాయ్, మళ్ళీ దానికి డబ్బులెందుకు?" కోడ్ బాగాలేదండి అంటే ఆయనకి ఎక్కదు. ఒకరోజు అడిగాను, "మీ దగ్గర మేత అప్పుకి పట్టుకెళ్ళిన రైతు వడ్డీ ఎక్కడ కడుతున్నాడండీ?" అని. "బస్తా రేట్లోనే ఉంటది. క్యాష్ ఇచ్చేవాడికి డిస్కౌంటు, అప్పువాడికి లేదు. వడ్డీ అని వేరే రాసేదేముంది?" అన్నారు. "మీరూ నాకు అప్పు రేటే కడుతున్నారండి. రోజు పనికి మూడు రోజులు తీసుకుంటున్నాను. ఆ రెండు రోజులకీ వడ్డీ అని బిల్లులో రాయట్లేదు, అంతే" అన్నాను. ఆయన కాసేపు నవ్వలేదు.

తర్వాత అంతకుముందు చేసిన అయిదు పనుల్ని కాగితం మీద రాసి చూపించాను. పనికి ఎన్ని రోజులు, పాత కోడ్ చుట్టూ తిరగడానికి ఎన్ని రోజులు అని రెండు గళ్ళు. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "ముందు ఏది తీరిస్తే ఎక్కువ మిగులుద్ది?" వ్యాపారం చేసేవాడికి అప్పు గురించి పాఠం చెప్పక్కర్లేదు, లెక్క చూపిస్తే చాలు. మీరూ ప్రతి టికెట్ (ఒక్కో పనికి రాసుకునే చీటీ) మీద ఆ రెండు అంకెలు రాయడం ఈ వారమే మొదలెట్టండి. రెండు మూడు నెలలయ్యాక మీటింగులో మీరు వాదించనక్కర్లేదు.

ఏది ముందు అన్నదానికి నాకు తెలిసిన మంచి పద్ధతి, కోడ్ ఎంత వికారంగా ఉందని కాకుండా ఎంత తరచుగా ముట్టుకుంటున్నామని చూడటం. గిట్ లాగ్‌లో, అంటే కోడ్ మార్పులన్నీ నమోదయ్యే చిట్టాలో, గత ఏడాదిలో ఏ ఫైలు ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. మాకు మొత్తం రెండొందల పైచిలుకు ఫైళ్ళుంటే, పనంతా ఆరేడు ఫైళ్ళ చుట్టూనే తిరుగుతోంది. కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో దాన్నిబట్టి కట్టే రేట్లు), తరుగు (తూకంలో తీసే కోత), రైతు ఖాతా, పన్నులు. వడ్డీ పోయేది అక్కడే.

కొందరు, వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసినట్టు, ఒక నెల ఫీచర్లన్నీ ఆపేసి కోడ్ బాగుచేద్దాం అంటారు. నాకు నమ్మకం లేదు. ఆ నెల దొరకదు, దొరికినా పని సగంలో ఉండగానే నీళ్ళు వదిలేస్తారు. చేలోకి వెళ్ళే రైతు భుజాన పార వేసుకునే వెళ్తాడు, గట్టుకి గండి కనిపిస్తే అక్కడికక్కడ రెండు పారల మట్టి వేస్తాడు. ఫీచర్ కోసం ఏ ఫైలు తెరిచారో దాన్నే కాస్త సరిచేసి మూసేయండి, ఆ టైము ఫీచర్ ఎస్టిమేట్‌లోనే కలిపి చెప్పండి.

మొత్తం తిరగరాయడం గురించి. నేనూ ఆ పని మొదలెట్టాను, 2018లో. పట్టుబడి లెక్క కోడ్‌లో ఒకచోట, ఊరి కోడ్ 17 అయితే తరుగు తీయొద్దు అని ఉంది. పక్కన కామెంట్ లేదు. కాటా మీద రొయ్యతో పాటు నీళ్ళు కూడా తూగుతాయి కాబట్టి అందరికీ తరుగు తీస్తారు, ఈ ఒక్క ఊరికి ఎందుకు తీయకూడదు? ఎవరో టెస్టింగ్ కోసం పెట్టి మర్చిపోయారనుకుని కొత్తదాంట్లో వదిలేశాను. అదృష్టం కొద్దీ, కొట్లో ఇవ్వడానికి ముందు మూడు నెలల పాత పట్టుబడి స్లిప్పులు పాత కోడ్‌లోనూ కొత్త కోడ్‌లోనూ వేసి పోల్చాను. తొమ్మిది స్లిప్పులు తేడా వచ్చాయి, తొమ్మిదీ ఆ ఊరివే. డీలరు గారిని అడిగితే, "అది తప్పు కాదోయ్. ఆ ఊరోళ్ళు ట్రేలు పావుగంట నీళ్ళు వార్చాకే కాటా ఎక్కిస్తారు. వాళ్ళకి తరుగేంటి?" అన్నారు. ఏ కాగితం మీదా లేని నోటిమాట ఒప్పందం అది. కోడ్ తప్ప దానికి ఇంకో సాక్ష్యం లేదు.

ఆ రోజుతో తిరగరాయడం ఆపేశాను. మీ దగ్గర టెస్టులు లేవంటే ముందు చేయాల్సింది అదే: ఇప్పుడు ప్రోగ్రాం ఏ ఇన్‌పుట్‌కి ఏం ఇస్తోందో, తప్పో ఒప్పో తేల్చకుండా, ఉన్నదున్నట్టు పట్టి దాచడం. తర్వాత ఒక్కో ముక్కా మార్చడం, మార్చినప్పుడల్లా పోల్చుకోవడం. తేడా వస్తే కోడ్‌ని కాదు, మనిషిని అడగడం.

ఇలా ముక్క ముక్కగా తీర్చిన వాటిలో పన్నుల భాగం ఒకటి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు పాత వ్యాట్ శాతాలు కోడ్‌లో ఎక్కడ పడితే అక్కడ అంకెలుగా ఉన్నాయి. మేతకి పన్ను లేదు గానీ, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకి ఉంది. పదకొండు చోట్ల మార్చాను, పన్నెండోది దొరకలేదు. ఒకాయన ఏరేటర్ వెనక్కిస్తే ప్రోగ్రాం పాత శాతంతోనే లెక్కగట్టింది, ఆడిటరు పట్టుకునేదాకా మాకు తెలియదు. ఆ తర్వాత రేట్లన్నీ ఒకే టేబుల్‌లోకి తెచ్చి, ఏ తేదీ నుంచి ఏ రేటు అని పెట్టాను. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మళ్ళీ మారినప్పుడు ఆ టేబుల్‌లో కొత్త తేదీతో కొన్ని వరుసలు ఎక్కించి, భోజనాల వేళకి ఇంటికొచ్చేశాను.

ఇంకొకటి, వాడని కోడ్‌ని ఉంచకండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థలో, ఎప్పుడో వాడటం మానేసిన కోడ్ ఒక సర్వర్‌లో ఉండిపోయి, దాన్ని నడిపించే స్విచ్ లాంటి పాత ఫ్లాగ్‌ని కొత్త పనికి వాడేసరికి అది నిద్రలేచింది. ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్ల దాకా పోయాయి.

అలాగని అప్పంతా తీర్చాలని లేదు. మా ప్రోగ్రాంలో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి బిల్లు పంపే ఫైలు ఒకటుంది. అంత ఘోరమైన కోడ్ నేనెక్కడా చూడలేదు, వేరియబుల్స్ అన్నీ ఏ1, ఏ2, ఏ3. కానీ 2013 నుంచి దాన్ని మార్చాల్సిన పని ఎవరికీ పడలేదు. ఆ ప్రింటరు నడిచినన్నాళ్ళూ నేను దాని జోలికి వెళ్ళను.