ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ద్వీపాల సీనరీ డబ్బు పెట్టి కొనొచ్చా? మదీరా అనుభవంతో నా జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కొంటే మదీరా విమానాశ్రయం అందులోనే వస్తోంది కదా, మళ్ళీ డబ్బులు పోసి మదీరా సీనరీ యాడ్-ఆన్ కొనడం దండగ కాదా? అసలు ద్వీపాల సీనరీ బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి?"

ఫ్లైట్ సిమ్యులేటర్ అంటే కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట. అందులో కనపడే నేల, కొండలు, ఊళ్ళు, విమానాశ్రయమే సీనరీ; దాన్ని విడిగా కొని చేర్చుకుంటే యాడ్-ఆన్. టెర్మినల్ కోసమైతే దండగే. ద్వీపం కోసమైతే కాదు. ఈ రెండూ వేరు వేరు సరుకులు, అమ్మేవాళ్ళు మాత్రం రెండిటికీ ఒకే పేరు పెట్టి అమ్ముతారు. కొనే పేజీలో పెట్టిన ఫొటోలు ఒకసారి గమనించండి. చెకిన్ కౌంటర్లు, ఎస్కలేటర్లు, గేటు దగ్గర కుర్చీలు, కాఫీ షాపు బోర్డు. కాక్‌పిట్‌లో కూర్చున్నవాడికి వీటిలో ఒక్కటీ కనపడదు. అయినా మన గ్రాఫిక్స్ కార్డు మాత్రం వాటన్నిటినీ మోస్తూనే ఉంటుంది.

పెద్ద నగరాల విషయం వేరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో శంషాబాద్‌లోనో దిగుతుంటే విమానాశ్రయం బాగుంటే చాలు, చుట్టుపక్కల ఊళ్ళు కాస్త అటూ ఇటూగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. ద్వీపంలో ఆ సౌకర్యం లేదు. చాలా దూరం నుంచే తీరం, కొండ, ఊరు, రన్‌వే అన్నీ ఒకే కిటికీలో కనపడతాయి. ఎక్కడ తేడా ఉన్నా అక్కడే కన్ను ఆగిపోతుంది. అందుకే ద్వీపం సీనరీని నేను నేల మీద నుంచి చూడను, గాల్లో నుంచి చూస్తాను. అందులోనూ దిగే దారిలో నుంచి.

మదీరా అట్లాంటిక్‌లో పోర్చుగల్‌కి చెందిన ద్వీపం. విస్తీర్ణం దాదాపు 740 చదరపు కిలోమీటర్లు. మధ్యలో పీకో రూయివో శిఖరం 1,862 మీటర్ల ఎత్తున ఉంటుంది. చదునైన నేల అంటూ దాదాపు లేదు. 1964లో విమానాశ్రయం తెరిచినప్పుడు రన్‌వే 1,600 మీటర్లే. 1977 నవంబరు 19న వానలో దిగిన బోయింగ్ 727 ఆగలేక రన్‌వే దాటి కిందపడింది, 131 మంది చనిపోయారు. ఆ తర్వాత ఒకసారి కొంచెం పొడిగించారు. 2000లో మాత్రం సముద్రం అంచున దాదాపు 180 కాంక్రీటు స్తంభాలు లేపి, వాటి మీద రన్‌వేని సాగదీసి 2,781 మీటర్లకు తెచ్చారు. కొన్నిచోట్ల ఆ స్తంభాల ఎత్తు 70 మీటర్ల వరకు ఉంటుంది. 2017లో క్రిస్టియానో రొనాల్డో పేరు పెట్టారు, ఆయన పుట్టింది ఆ ద్వీపంలోనే.

ఇంత చరిత్ర ఎందుకంటే, మదీరా సీనరీకి నేను పెట్టే మొదటి పరీక్ష ఆ స్తంభాల దగ్గరే. సిమ్యులేటర్‌లోని డ్రోన్ కెమెరా (విమానం బయట ఎటైనా తిప్పగల కెమెరా) తీసుకుని రన్‌వే కిందకు దిగండి. అక్కడ నిజంగా ఒక లోకం ఉంది. కింద నుంచి రోడ్డు పోతుంది, పార్కింగ్ ఉంది, ఆటస్థలాలున్నాయి. సీనరీ తయారుచేసినవాళ్ళు కష్టపడ్డారా, పై పూత పూసి వదిలేశారా అన్నది అక్కడ పట్టుబడిపోతుంది. నాసిరకం వాటిలో స్తంభాలే ఉండవు, రన్‌వే కింద మట్టి దిబ్బ ఒకటి నిలబెట్టేస్తారు. నేను కొన్నవాటిలో ఒకదాంట్లో స్తంభాలున్నాయి గానీ నేల పైకి ఉబికి వాటిని సగం మింగేసింది. రోడ్డు ఒక స్తంభం మీదకు ఎగబాకి అవతల దిగుతోంది, కార్లు కాంక్రీటులో దూరి ఇవతలకి వస్తున్నాయి. అదే ప్యాకేజీలో టెర్మినల్ లోపల డ్యూటీ ఫ్రీ సీసాల మీద లేబుళ్ళు చదవొచ్చు! ఎవరి కోసం చేశారో నాకిప్పటికీ అర్థం కాదు.

రెండో పరీక్ష, అసలైనది, రన్‌వే 05కి, అంటే ఈశాన్యం వైపు ముఖం పెట్టి దిగడం. ఇక్కడ ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలతో దిగే దారి చూపే వ్యవస్థ) లేదు, ఆటోపైలట్‌కి అప్పగించి టీ తాగుతూ కూర్చోవడం కుదరదు. రన్‌వేని కుడివైపు ఉంచుకుని సముద్రం మీదుగా నైరుతికి సాగాలి. తర్వాత కుడివైపు ద్వీపం మీదకు తిరగాలి. ఎదురుగా కొండ పెరుగుతూ వస్తుంటే, తిరుగుతూనే దిగుతూ, మలుపు పూర్తయ్యేసరికి రన్‌వే ముక్కు ముందుకు రావాలి. నిజం పైలట్లకు కూడా దీనికి ప్రత్యేక శిక్షణ కావాలి.

ఇంట్లో మనం ఎడమ సీట్లో కూర్చుంటాం. మలుపు కుడికి. అంటే పక్క సీటు మీదుగా, అవతలి కిటికీలోంచి చూస్తూ తిప్పాలి. ఆ కిటికీలో కనపడేది రన్‌వే కాదు, కొండ వాలు. దాని మీద మెట్లు మెట్లుగా కట్టిన పొలాలు, ఎర్ర పెంకుటిళ్ళు, వంకర్లు తిరిగే రోడ్లు. ఏ ఇంటి వరస దాటాక వంపు తగ్గించాలి, ఏ గట్టు పైకి వచ్చాక ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున ఉండే పలకలు) పూర్తిగా దింపాలి అన్నది ఆ కొండే చెబుతుంది. సిమ్యులేటర్‌తో పాటు వచ్చే మదీరాలో విమానాశ్రయం చాలా బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. డబ్బు పెట్టి కొనే మంచి సీనరీ తేడా చూపించేది ఈ మలుపులోనే. కొండ అంచు పదునుగా ఉంటుంది, ఇళ్ళు ఉండాల్సిన వాలు మీదే ఉంటాయి, లోయ లోయలాగే ఉంటుంది. ఆ తేడా లేని ప్యాకేజీకి రూపాయి కూడా పెట్టక్కర్లేదు.

కొండ ఆకారం ఎందుకు చెడుతుందో తెలిస్తే కొనేటప్పుడు సరైన ప్రశ్న వేయగలుగుతారు. చాలా ఉచిత మెష్‌లకు (నేల ఎత్తుపల్లాలను చూపే వలలకు) ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ రాడార్‌తో తీసిన ఎత్తుల లెక్కలు. వాటిలో ఒక కొలతకీ తర్వాతి కొలతకీ మధ్య దాదాపు 30 మీటర్ల దూరం ఉంటుంది. గోదావరి డెల్టాకి అది ధారాళంగా సరిపోతుంది. మదీరా దక్షిణ తీరంలో కాబో జిరావు కొండచరియ దాదాపు 580 మీటర్ల ఎత్తు నుంచి నిట్టనిలువుగా సముద్రంలోకి దిగుతుంది. అలాంటి చోట 30 మీటర్లకొక కొలత అంటే చరియ మొత్తానికి నాలుగైదు చుక్కలు కూడా పడవు. వాటిని కలిపి గీసేసరికి చరియ కాస్తా జారుడుబల్ల అయిపోతుంది. అందుకని ప్యాకేజీ వివరాల్లో "మెష్ ఎన్ని మీటర్లది" అన్న ఒక్క ముక్క వెతకండి. 5 మీటర్లో, 10 మీటర్లో అని స్పష్టంగా రాసి ఉంటే ఆలోచించొచ్చు. "హెచ్‌డీ మెష్" అని మాత్రమే రాసి ఊరుకుంటే అది ఏ లెక్కా కాదు.

నిట్టనిలువు చరియలతో ఇంకో తంటా ఉంది. ఉపగ్రహం ఫొటో పై నుంచి తీస్తుంది. పై నుంచి చూస్తే చరియ ఒక సన్నటి గీత. ఆ గీతలోని రంగునే 500 మీటర్ల గోడకు సాగదీసి అతికిస్తే నిలువు చారలు పడి, ఇస్త్రీ చెడిన సిల్కు చీరలా కనపడుతుంది. మంచివాళ్ళు చరియలకు విడిగా రాతి టెక్స్చర్ (పైన అతికించే బొమ్మ) వేస్తారు. డెమో వీడియోలో కాబో జిరావుని సముద్రం వైపు నుంచి చూపించకుండా పై నుంచే చూపిస్తుంటే ఎందుకో ఊహించుకోండి.

కొండ సరిగ్గా ఉండటం కంటికి మాత్రమే కాదు. మైక్రోసాఫ్ట్ 2020 సిమ్యులేటర్‌లో గాలి నేల ఆకారాన్ని బట్టి పైకీ కిందికీ మళ్ళుతుంది. మదీరాలో ఉత్తరం నుంచి వచ్చే గాలి కొండలు దాటి రన్‌వే మీదకు సుడులు తిరుగుతూ పడటమే పెద్ద సమస్య. ఇక్కడ గాలి పరిమితులు సలహాలు కావు, తప్పనిసరి నియమాలు. రోజారియో అనే చోట గాలి ఎంత ఉందో దిగబోయే పైలట్‌కి విడిగా చెబుతారు. లైవ్ వెదర్ (అక్కడి అప్పటి నిజం వాతావరణం) పెట్టుకుని అలాంటి రోజున ఒకసారి దిగి చూడండి, ఇంట్లో కుర్చీలో కూర్చునే అరచేతులకు చెమట పట్టేస్తుంది. పక్కనున్నవాళ్ళు "ఆటకి ఇంత టెన్షనా" అంటారు, అననివ్వండి.

ఇక తీరం. ఉపగ్రహం ఫొటోలో అలల నురగ ముద్రపడి ఉంటుంది. దాని మీద సిమ్యులేటర్ తన కదిలే అలల్ని వేస్తుంది. రెండిటి మధ్య గీత శ్రద్ధగా గీయకపోతే కదలని నురగ పక్కన కదిలే నురగ, నీళ్ళు ఎక్కిన రాళ్ళు, సగం మునిగిన రేవు గోడ కనిపిస్తాయి. మదీరా చుట్టూ సముద్రం చప్పున లోతవుతుంది కాబట్టి కాస్త తప్పినా ముదురు నీలంలో కలిసిపోతుంది. లక్షద్వీప్‌లోని అగత్తిలో అలా దాచడానికి వీల్లేదు. పగడపు దిబ్బ లోపలి నీళ్ళు లేత ఆకుపచ్చ, బయట కడు నీలం, మధ్యలో తెల్లటి అలల అంచు. ద్వీపం ఎంత సన్నమంటే రన్‌వే ఉన్నచోట దాదాపు వెడల్పంతా అదే ఆక్రమిస్తుంది. నీళ్ళ రంగు సరిగ్గా లేని అగత్తి సీనరీలో ఇక చూడటానికేం మిగలదు.

రంగుల గురించి ఒక్క మాట. మదీరా తూర్పు కొస, పోంటా డి సావో లోరెన్సో, ఎండిపోయి గోధుమ రంగులో ఉంటుంది. ఉత్తరపు లోయల్లో యునెస్కో గుర్తించిన లారెల్ అడవులున్నాయి, అవి చిక్కటి పచ్చదనం. ద్వీపమంతా ఒకే పచ్చ పూసి ఉంటే ఎవరో కంప్యూటర్‌లో ఒకే మీట నొక్కి వదిలేశారని అర్థం. శిఖరాల దగ్గర తరచూ మబ్బు ఉంటుంది కాబట్టి ఫొటోలోనే మబ్బు నీడ అచ్చుపడిపోయిందేమో కూడా చూడండి. నిర్మలమైన ఆకాశంలో ఎగురుతుంటే కొండ మీద కదలని నల్ల మచ్చ అసహ్యంగా ఉంటుంది.

రాత్రి పూట మదీరా రాజధాని ఫుంచాల్ ఊరు కొండ మీదికి దీపాల మెట్లలా ఎక్కుతుంది. దీపాలు రోడ్ల వెంట ఉన్నాయా, ఎలా పడితే అలా చల్లేశారా అన్నది చూస్తే చాలు.

ఫ్రేమ్ రేట్ (సెకనుకు తెర మీద ఎన్ని బొమ్మలు వస్తాయన్నది) సంగతి క్లుప్తంగా చెబుతాను. సముద్రం మీద ఎంత వస్తోందన్నది లెక్కలోకి రాదు, అక్కడ అందరికీ బాగానే వస్తుంది. ఆ కుడి మలుపులో, విమానం వంగి ఉన్నప్పుడు, ఊరంతా కిటికీలోకి వచ్చినప్పుడు ఎంత వస్తోందో చూడాలి. అక్కడ తడబడితే చెయ్యి తడబడుతుంది. టెర్మినల్ లోపలి వస్తువుల్ని ఆపే వీలు సెట్టింగులో ఇస్తే ఆ తయారీదారుకి నా దగ్గర ఒక మార్కు ఎక్కువ. కొత్తది పెట్టేముందు ఆ చోటుకి వేసిన పాత ఉచిత సీనరీని కమ్యూనిటీ ఫోల్డర్ (యాడ్-ఆన్‌లు పెట్టే చోటు) నుంచి తీసేయండి. రెండూ ఉంటే భవనాలు ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయి, ఎత్తులు తేడా వచ్చి రన్‌వే మధ్యలో గట్టు లేస్తుంది.

మదీరా ఒక్కటే కాదు, ఏ ద్వీపానికి ఆ ద్వీపం పరీక్ష ఉంటుంది. కరీబియన్‌లోని సెయింట్ బార్ట్స్‌లో రన్‌వే 650 మీటర్లే. కొండ మీద రోడ్డును తాకుతున్నంత కిందుగా దాటి, వాలు వెంట బీచి వైపు దిగాలి. ఆ వాలు తీసేసి రన్‌వేని బల్లపరుపుగా పరిస్తే అది సెయింట్ బార్ట్స్ కాదు. అదే కరీబియన్‌లోని సాబా ద్వీపంలో రన్‌వే 400 మీటర్లు, రెండు కొసలా సముద్రం. అక్కడ కొసల దగ్గర చరియ నిలువుగా ఉందా లేదా అన్నదే ప్రశ్న.

మన వైపు నుంచి వెళ్ళాలంటే హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ మంచి ప్రయాణం, దాదాపు 900 నాటికల్ మైళ్ళు, ఎక్కువ భాగం బంగాళాఖాతం మీదే. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది, సీనరీ పేర్లలో మాత్రం పాతదే వెతకాలి. ఉచితంగా దొరికే సీనరీలు దించుకునే ముందు ఒకటే చూడండి: 2023 జులైలో ప్రారంభించిన ఆల్చిప్ప ఆకారపు కొత్త టెర్మినల్ ఉందా? లేకపోతే అది పాత ఫొటోల మీద చేసింది. టెర్మినల్ అక్కర్లేదన్నవాణ్ణి ఇక్కడ టెర్మినల్ చూడమంటున్నానేమిటంటే, దాని అందం కోసం కాదు, సీనరీ వయసు తెలుసుకోవడానికి.

ఇక మీ మదీరా సంగతి. ముందు సిమ్యులేటర్‌తో వచ్చినదాంట్లోనే రన్‌వే 05కి చేతితో దిగడం అలవాటు చేసుకోండి. అలవాటయ్యాక ఏ కొండ మొద్దుగా ఉందో, ఏ లోయ పూడిపోయిందో మీకే తెలుస్తుంది. అప్పుడు యూట్యూబ్‌లో అమ్మేవాళ్ళ ట్రైలర్ కాకుండా, ఎవరైనా ఎడమ సీటు నుంచి ఆ మలుపు పూర్తిగా తిప్పిన వీడియో వెతికి, మీరు చూసినదానితో పోల్చండి. రెండు ప్యాకేజీలు సమానంగా అనిపిస్తే పోర్టో సాంటో కలిపి ఇచ్చేదాన్ని తీసుకోండి. ఈశాన్యాన ఉన్న ఆ చిన్న ద్వీపానికి 3,000 మీటర్ల రన్‌వే ఉంది. మదీరాలో గాలి హద్దు దాటితే నిజం విమానాలు మళ్ళే చోట్లలో అదొకటి. లైవ్ వెదర్‌లో ఎగిరితే మీకూ ఆ అవసరం త్వరగానే పడుతుంది.