ఐదుగురు వాడే ఆఫీసు డేటాబేస్‌లో లెక్కలు తారుమారవుతుంటే కొత్త సాఫ్ట్‌వేర్ కొనాలా?

మీ ఆఫీసులో ఐదుగురు ఒకే యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ప్రోగ్రాం) ఫైలు మీద పనిచేస్తున్నారు, ఒకరు కొట్టిన ఎంట్రీ ఇంకొకరు సేవ్ చేయగానే పోతోంది, కొత్త సాఫ్ట్‌వేర్ కొంటే సరిపోతుందా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. నేను కావలిలో రొయ్యల మేత అమ్మే ఆఫీసులో లెక్కలు చూస్తాను. ఎవరు పడితే వాళ్లు పాత అంకె చెరిపేసి కొత్తది వేయగలిగితే ఏ సాఫ్ట్‌వేరూ మిమ్మల్ని కాపాడలేదు.

ఇంతకు ముందు నేను పనిచేసిన చోట రైతుల ఖాతాలన్నీ ఒకే టేబుల్లో ఉండేవి. పేరు, ఊరు, ఫోను, బాకీ. ఆ బాకీని చేత్తో కొట్టేవాళ్లు. రైతు డబ్బు కడితే క్యాలిక్యులేటర్లో తీసేసి మిగిలింది వేయడం, బస్తాలు ఎత్తితే కలిపి వేయడం. గోడౌన్‌లో ఒక కంప్యూటరు, ముందు కౌంటర్లో ఒకటి, ఓనరు గదిలో ఇంకొకటి.

ఒకరోజు ఉలవపాడు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చెరువులో తెల్లమచ్చ తెగులు పడి, వనామీ రొయ్య ఇంకా వంద కౌంట్ (కిలోకి వంద తూగే చిన్న సైజు) మీదుండగానే పట్టేసి అమ్మేశాడు. అంత నష్టంలోనూ ముందురోజు గోడౌన్‌లో డబ్బు కట్టి వెళ్లాడు. ఇప్పుడు మళ్లీ పిల్ల వదలాలి, మేత అప్పుగా కావాలి. కంప్యూటర్లో చూస్తే బాకీ తగ్గకపోగా పెరిగి ఉంది. ఓనరు మేత ఇవ్వనన్నాడు. పెద్దాయన చొక్కా జేబులోంచి మడతలు పడ్డ రసీదు తీసి బల్ల మీద పెట్టి, "ఏందబ్బాయ్ ఇది, నేను కట్టిన డబ్బు ఏడకి పోయింది?" అని నా మొహంలోకి చూశాడు. పక్కన ఇంకో నలుగురు రైతులు నిలబడి వింటున్నారు.

రసీదు బుక్కులో కార్బన్ కాపీ ఉంది కాబట్టి బయటపడ్డాం. జరిగింది ఇది. గోడౌన్ కుర్రాడు జమ కొట్టి సేవ్ చేసేటప్పటికే కౌంటర్లో అమ్మాయి అదే రికార్డు తెరిచి, పాత బాకీకి పొద్దున ఎత్తిన బస్తాల ధర కలుపుతోంది. ఆమె సేవ్ చేయబోతే యాక్సెస్ ఒక పెట్టె చూపించింది: మీరు దిద్దడం మొదలుపెట్టాక ఇంకొకరు ఈ రికార్డు మార్చారు, మీరు సేవ్ చేస్తే వాళ్లు మార్చింది పోతుంది అని. కింద మూడు బటన్లు, సేవ్ రికార్డ్, కాపీ టు క్లిప్‌బోర్డ్, డ్రాప్ ఛేంజెస్. ఎదురుగా జనం, అంతా ఇంగ్లీషు. మొదటి బటన్ నొక్కింది, జమ ఎగిరిపోయింది. ఆ అమ్మాయిని అందరూ తిట్టారు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. బాకీని చేత్తో కొట్టే గడిగా పెట్టినవాణ్ని ఎవరూ ఒక్క మాట అనలేదు.

పాత కమిషన్ కొట్లలో గుమస్తాలు ఏ రోజుది ఆ రోజు చిట్టాలో రాసి, తర్వాత ఆవర్జాకి, అంటే ఎవరి ఖాతా వాళ్లకుండే పుస్తకానికి, ఎక్కించేవాళ్లు. తప్పు పడితే చెరిపేవాళ్లు కాదు, ఇంకో పద్దు రాసి సరిచేసేవాళ్లు. డేటాబేస్‌లోనూ అదే చేయాలి. ఇప్పుడు మా దగ్గర బాకీ అనే గడే లేదు. రైతు కట్టిన ప్రతి జమా, ఎత్తిన సరుకు తాలూకు ప్రతి ఖర్చూ కొత్త లైను. ఎవరు కొట్టారు, ఎప్పుడు కొట్టారు అనేది పక్కనే పడుతుంది. ఆ లైన్లన్నిటినీ చూసి బాకీని క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) లెక్కగట్టి చూపిస్తుంది. ఇద్దరు ఒకేసారి కొడితే రెండు లైన్లు పడతాయి, ఒకదాన్నొకటి తినవు. తప్పు కొడితే ఎదురు ఎంట్రీ వేయాల్సిందే, పాతది దిద్దే హక్కు ఓనరుకి కూడా లేదు. దీనికి ఆయన్ని ఒప్పించడమే అన్నిటికంటే కష్టమైంది.

రైతు ఖాతా కొత్తగా తెరిచేది ఒక్కరే. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు మా దగ్గర బోలెడుమంది. ఫోను నంబరు పట్టుకుని గుర్తుపెడదామంటే నంబర్లు మారుస్తుంటారు. అందుకే కోడ్ ఇచ్చి పాసుబుక్కు మీద రాశాం.

ఊళ్ల సంగతి అంటే గుర్తొచ్చింది, జిల్లా గడి కూడా చేత్తో కొట్టనివ్వకండి. 2022 ఏప్రిల్‌లో కందుకూరు, ఉలవపాడు, గుడ్లూరు ప్రకాశం నుంచి నెల్లూరుకి మారాయి. ఒకరు నెల్లూరు అని, ఒకరు ఎస్పీఎస్ నెల్లూరు అని, ఇంకొకరు అలవాటు మీద ప్రకాశం అని కొట్టారు. ఒకాయన అత్యుత్సాహంతో పాత బిల్లుల్లోనూ జిల్లా మార్చేశాడు. బిల్లు కొట్టిన రోజు ఏ జిల్లా అయితే అదే ఉండాలి కదా! జిల్లాల వారీగా అమ్మకాలు తీయమంటే ఏ రెండు రిపోర్టులూ కలవలేదు.

ఇక ఫైలు సంగతి. దాన్ని రెండుగా విడగొట్టండి. టేబుళ్లున్న ఫైలు ఒక కంప్యూటర్లో, ఫారాలున్న ఫైలు ఎవరి కంప్యూటర్లో వాళ్లకి. విడగొట్టకుండా అందరూ ఒకే ఫైలుని షేర్డ్ ఫోల్డర్లోంచి తెరిస్తే అది పాడయ్యే ప్రమాదం ఎక్కువ. వైఫై మీద వద్దు, కేబుల్ లాగండి. వైఫై మధ్యలో తెగినా ఫైలు దెబ్బతినొచ్చు. వన్‌డ్రైవ్ ఫోల్డర్లో అసలు పెట్టకండి. యాక్సెస్ సెట్టింగుల్లో రికార్డ్ లాకింగ్ దగ్గర ఎడిటెడ్ రికార్డ్ ఎంచుకోండి, ఒకరు దిద్దుతుండగా ఇంకొకరు చేయి పెట్టలేరు. సాయంత్రం అందరూ మూసేశాక కాపీ తీసి, కాంపాక్ట్ అండ్ రిపేర్ (ఫైలుని కుదించి సరిచేసే యాక్సెస్ కమాండ్) చేయండి. డేటాబేస్ తెరిచి ఉన్నంతసేపూ దాని పక్కన ఒక లాక్ ఫైలు ఉంటుంది, అది ఇంకా కనిపిస్తోందంటే ఎవరో మూయకుండా వెళ్లి ఉండొచ్చు. ఫైలు 2 జీబీ దాటకూడదు, అది యాక్సెస్ పరిమితి. అంతవరకూ వస్తే అప్పుడు టేబుళ్లని ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి (మైక్రోసాఫ్ట్ వాళ్లదే పెద్ద డేటాబేస్) మార్చండి, ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితమే, మీ ఫారాలు అలాగే వాడుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ అమ్మే ఆయన్ని పిలిచేముందు మీ ఖాతాల లిస్టు పేరు, ఊరు వారీగా సార్ట్ చేసి ఒకే పేరుతో జంటగా పడ్డ ఖాతాలన్నీ ఎవరెవరివో తేల్చండి. అవి తేలకుండా కొత్త దాంట్లోకి ఎక్కిస్తే ఒకరి జమ ఇంకొకరి ఖాతాలో పడుతూనే ఉంటుంది.