చీనీ తోటలో దాచిన సెన్సార్లు: వాన్ అట్టా బోర్డు పక్క దిక్కులకు ఎందుకు పలకదు?

అనంతపురం పక్క చీనీ తోటలో మోటారు కేబుల్ దొంగల్ని పట్టడానికి సెన్సార్లు దాచారు. రీడర్ (సెన్సార్లను రేడియోలో పిలిచి జవాబు వినే పరికరం) అడిగిన దిక్కుకే జవాబు తిరిగి పోవాలని 2.45 గిగాహెర్ట్జ్‌లో నాలుగు ప్యాచ్‌ల (చదునైన రాగి యాంటెన్నాల) వాన్ అట్టా బోర్డు చేశారు; ఇందులో యాంటెన్నాలను జతలుగా కలుపుతారు, ఒకటి అందుకున్నది దాని జత తిరిగి పంపుతుంది. ఎదురుగా నిలబడితే సిగ్నల్ వస్తోంది, పక్కకు జరిగితే పోతోంది. ఇదీ మీ సమస్య.

ముందు ఒక అనుమానం తీర్చుకోండి: ఎదురుగా వచ్చేది అసలు జవాబేనా? గ్రౌండ్ ప్లేన్ (బోర్డు వెనక ఉండే రాగి పొర) కూడా అద్దంలా తిప్పికొడుతుంది. ఒక ప్యాచ్‌లో నిలువు ధ్రువణంతో (తరంగం ఊగే దిక్కు నిలువుగా) తీసుకున్నది జత ప్యాచ్‌లో అడ్డ ధ్రువణంతో బయటికెళ్లేలా కలిపి, రీడర్ రిసీవింగ్ యాంటెన్నాను 90 డిగ్రీలు తిప్పండి. అద్దం ప్రతిఫలనం చాలావరకు తప్పుకుంటుంది.

అసలు తప్పు ప్యాచ్‌లను కలిపే రాగి దారుల (ట్రాక్‌ల) పొడవులో ఉండొచ్చు. ప్యాచ్‌ల మధ్య 61 మి.మీ.; 1కి 4, 2కి 3 కలపాలి. రెండు ట్రాక్‌లూ సమానంగా ఉండాలి, లేదా తేడా ట్రాక్‌లోని తరంగదైర్ఘ్యానికి పూర్తి గుణిజం కావాలి. 1.6 మి.మీ. ఎఫ్‌ఆర్4 (మామూలు సర్క్యూట్ బోర్డు పదార్థం) మీద అది సుమారు 67 మి.మీ., గాలిలోని 122 కాదు. చాలామంది జారిపడేది ఇక్కడే. లోపలిది (2–3) 74, బయటిది (1–4) 208 అన్నా తేడా 134, అంటే రెండు తరంగదైర్ఘ్యాలు కాబట్టి లెక్క కుదురుతుంది గానీ, ఎఫ్‌ఆర్4 లాటు లాటుకూ మారుతుంది. డైఎలక్ట్రిక్ స్థిరాంకం 4.4 బదులు 4.6 వస్తే ఆ 134 మి.మీ. తేడాలో ఫేజ్ (తరంగం దశ) దాదాపు 15 డిగ్రీలు తప్పుతుంది. లోపలి ట్రాక్‌ను మెలికలు తిప్పి 208కి తెస్తే లాటు మారినా రెండూ కలిసే జరుగుతాయి. ట్రాక్ 10 సెం.మీ.కి దాదాపు 1 డీబీ (డెసిబెల్) నష్టం, అది భరించాల్సిందే.

పరీక్షకు బోర్డును ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి 0, 15, 30, 45 డిగ్రీలు తిప్పండి. జవాబు నెమ్మదిగా తగ్గితే జతలు సరే. 15 దగ్గరే కుప్పకూలితే మీరు చూస్తున్నది అద్దమే.

రహస్యం సంగతి: దాగేది సెన్సారే, రీడర్ కాదు. రీడర్ పిలుపు అందరికీ వినిపిస్తుంది. నాలుగు ప్యాచ్‌ల కిరణం వెడల్పు 25 డిగ్రీలు, పైకీ కిందికీ దిశ పట్టదు. కాబట్టి ఏఈఎస్-128 ఎన్‌క్రిప్షన్ (సందేశాన్ని గుప్తంగా మార్చే పద్ధతి) తీసేయకండి. దూరం రెట్టింపైతే 12 డీబీ పోతుంది. చెట్ల ఆకుల్లోని నీరు ఇంకొంత మింగుతుంది. సాళ్ల మధ్య ఖాళీ వెంట చూసేలా పెట్టండి.

ట్యూనింగ్ మాత్రం పెట్టెలో బిగించాకే. మూత 5 మి.మీ. దగ్గరికొస్తే ఫ్రీక్వెన్సీ కిందికి దిగుతుంది, ఎఫ్‌ఆర్4 ప్యాచ్ పనిచేసే ఫ్రీక్వెన్సీల వెడల్పే 2–3 శాతం. పాత నానోవీఎన్‌ఏ (యాంటెన్నా ట్యూనింగ్ కొలిచే చిన్న పరికరం) ఇంత పైకి అందదు, 3 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే వీ2 తీసుకోండి.