నాలుగు రిమోట్ల బదులు ఒకటే యూనివర్సల్ రిమోట్ కొనాలంటే ఏది మంచిది?

టీవీకి ఒకటి, కేబుల్ డబ్బాకు ఒకటి, సౌండ్‌బార్‌కు ఒకటి, ఫైర్ టీవీ స్టిక్‌కు ఒకటి చొప్పున నాలుగు రిమోట్లు టీపాయ్ మీద పడి ఉంటున్నాయని, ఏది దేనిదో తెలియక ఇంట్లో పెద్దవాళ్లు అవస్థ పడుతున్నారని, ఖర్చుకు వెనుకాడకుండా అన్నింటికీ పనికొచ్చే ఒక ప్రోగ్రామబుల్ రిమోట్ కొనదలిచారని మీరు రాశారు. ఏ కంపెనీది కొనాలని అడిగారు. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఆ రిమోట్ రోజూ ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ల వేళ్లకు తగినది కొనండి. నూటికి తొంభై ఇళ్లలో అది రబ్బరు బటన్లున్న, పాత రిమోట్ నుంచి సంకేతాలు నేర్చుకునే చవక రకం లర్నింగ్ రిమోటే అవుతుంది. హనుమకొండలో మా ఇంటి అనుభవం తరువాత ఈ విషయంలో నేను ఎవరి మాటా వినదలచుకోలేదు.

మా బాపు కాజీపేటలో రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఒక బతుకమ్మ పండుగకు అక్కా బావా వచ్చినప్పుడు, బావ ఆయన కోసం ఒక ఖరీదైన రిమోట్ తెచ్చారు. పైభాగంలో చిన్న టచ్ స్క్రీన్, కింద నాలుగైదు బటన్లు, పెట్టుకోవడానికి చార్జింగ్ పీట, చూడటానికి ముచ్చటగా ఉంది. ఒక పక్క అవ్వ, అక్క తాంబాళంలో గునుగు, తంగేడు పేరుస్తుంటే, మరో పక్క బావ లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ రిమోట్‌కు అన్ని వస్తువుల మోడల్ నంబర్లు ఎక్కించారు. స్క్రీన్ మీద ‘వార్తలు’ అనే గుర్తును తాకితే చాలు, టీవీ, డబ్బా, సౌండ్‌బార్ మూడూ ఒకదాని తరువాత ఒకటి వెలిగి, బాపు రోజూ చూసే ఛానల్ దానంతటదే వచ్చేది. ఆ రాత్రి ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ ఆ విద్యను ప్రదర్శించారు, అందరూ మెచ్చుకున్నారు.

పండుగ ముగిసి వాళ్లు హైదరాబాద్ వెళ్లిన తరువాత ఒకనాడు కరెంటు పోయి వచ్చింది. కరెంటు రాగానే కేబుల్ డబ్బా తనంతట తానే ఆన్ అయింది, టీవీ మాత్రం ఎర్ర లైటుతో నిద్రలోనే ఉంది. బాపు ‘వార్తలు’ను తాకారు. టీవీ వెలిగింది, డబ్బా ఆరిపోయింది. మళ్లీ తాకారు. డబ్బా వెలిగింది, టీవీ ఆరిపోయింది. ఆయన ఎన్నిసార్లు తాకినా ఒకటి ఉంటే మరొకటి లేదు, మధ్యలో సౌండ్‌బార్ ఒక్కటే నీలి లైటు వెలిగిస్తూ ఆర్పుతూ కూర్చుంది. నాకు ఫోన్ చేశారు. “బిడ్డా, టీవీ పెట్టంగనే డబ్బ బంద్ అయితున్నది, డబ్బ పెట్టంగనే టీవీ బంద్ అయితున్నది. అల్లుడు గింత ఖర్చు వెట్టి తెచ్చిండు, ఆయనకు చెప్పకు,” అన్నారు. వార్తలు అయిపోయేదాకా ఆ ఆట సాగింది.

ఇందులో బావ తప్పేమీ లేదు, ఆ రిమోట్ పాడయిందీ లేదు. మన ఇళ్లలోని చాలా వస్తువులకు పవర్ బటన్ ఒక్కటే ఉంటుంది. అది పంపే సంకేతానికి ‘ఆన్ అవ్వు’ అనే అర్థం గానీ ‘ఆఫ్ అవ్వు’ అనే అర్థం గానీ లేదు; ‘ఇప్పుడున్న స్థితిని మార్చుకో’ అని మాత్రమే అది చెబుతుంది. కంటికి కనబడని కాంతితో పనిచేసే ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ సంకేతం పంపుతుందే తప్ప తిరిగి వినదు, కాబట్టి అవతలి వస్తువు వెలిగి ఉందో ఆరి ఉందో దానికి తెలిసే దారి లేదు. ఒక బటన్‌తో నాలుగు పనులు చేయించే రిమోట్ ఏదైనా కింద ఉన్నవన్నీ తాను అనుకున్న స్థితిలోనే ఉన్నాయని నమ్ముకుని పని చేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, మనవడు డబ్బా మీది బటన్ నొక్కినా ఆ నమ్మకం చెడిపోతుంది. దీన్ని నేను బాపుకు వివరించబోతే ఆయనే నాకు వివరించారు: “మా కేబిన్ల ఒక లివరు గుంజితే సిగ్నల్ పడుతది, తిరిగి వెడితే లేస్తది. అట్ల గాకుండ ఒక్క తీరుగనే గుంజుకుంట ఒకపారి పడుతది, ఒకపారి లేస్తదంటే బండ్లు గుద్దుకోవా?”

దీనికి మందు లేకపోలేదు. చాలా టీవీలు లోపల ఆన్‌కు ఒక సంకేతాన్ని, ఆఫ్‌కు మరో సంకేతాన్ని విడివిడిగా గుర్తుపడతాయి. కానీ కంపెనీ ఇచ్చిన రిమోట్ మీద వాటికి బటన్లు పెట్టరు. ఆ సంకేతాల పట్టిక ఉన్న రిమోట్ అయితే వాటిని వాడుకోగలదు, కాబట్టి ఖరీదైనదే కొంటానని మీరు పట్టుబడితే, మీ టీవీకి, మీ డబ్బాకు ఆ విడి సంకేతాలు దాని పట్టికలో ఉన్నాయా అని ముందుగా అడగండి. టీవీకి ఉండి డబ్బాకు లేకపోతే మా ఇంటి కథే మీ ఇంట్లోనూ నడుస్తుంది. స్థానిక కేబుల్ వాళ్లు ఇచ్చే డబ్బాలకు ఇటువంటి పట్టికల్లో చోటు దొరకడం అరుదని నా గట్టి నమ్మకం.

పట్టిక మీద ఆధారపడటంలో ఇంకో చిక్కు ఉంది. ఈ రకం రిమోట్లలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది లాజిటెక్ వాళ్ల హార్మొనీ. 2021 ఏప్రిల్‌లో ఆ కంపెనీ హార్మొనీ రిమోట్ల తయారీని నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. కొన్నవాళ్లకు సేవలు కొనసాగిస్తామని చెప్పింది, నిజమే. అయినా సెట్టింగులు ఎక్కడో కంపెనీ సర్వర్‌లో ఉండే వస్తువును, తయారీ ఆగిపోయాక సెకండ్ హ్యాండ్‌లో వెతికి కొనమని నేను ఎవరికీ చెప్పలేను. ప్రోగ్రామబుల్ రిమోట్ అనే ఆలోచన కొత్తదేమీ కాదు. ఆపిల్ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ 1987లోనే కోర్ అనే పేరుతో అటువంటి దాన్ని తయారుచేసి అమ్మారు. ఆ రోజుల నుంచి నేటి వరకూ ఈ వస్తువు సరదాపడి కొనేవాళ్ల చేతుల్లో బాగానే పనిచేసింది, వాళ్లు ఊరికి వెళ్లినప్పుడు ఇంట్లో మిగిలినవాళ్ల చేతుల్లోనే మొరాయించింది.

ఇప్పుడు మీ నాలుగు వస్తువుల సంగతికి వస్తాను. ఏదీ కొనకముందే ఏ రిమోట్ ఏ పద్ధతిలో మాట్లాడుతున్నదో చూడండి. ఫోన్ కెమెరా తెరిచి, రిమోట్ ముక్కును దానికి ఎదురుగా పెట్టి బటన్ నొక్కితే, ఇన్‌ఫ్రారెడ్ అయితే తెరమీద ఊదారంగులో గానీ తెల్లగా గానీ మిణుకుమంటుంది. కొన్ని ఫోన్ల వెనుక కెమెరా ఆ కాంతిని వడగట్టేస్తుంది, అప్పుడు సెల్ఫీ కెమెరాతో చూడండి. టీవీ రిమోట్, కేబుల్ డబ్బా రిమోట్ చాలావరకు మిణుకుమంటాయి. ఫైర్ స్టిక్ రిమోట్ దగ్గరే జనం పొరపాటు పడతారు: దాని మీది పవర్, వాల్యూమ్ బటన్లు టీవీకి ఇన్‌ఫ్రారెడ్ పంపుతాయి, బాణం గుర్తులు, హోమ్ బటన్ మాత్రం స్టిక్‌తో బ్లూటూత్‌లో మాట్లాడతాయి. టీవీ వెనుక దాక్కున్న స్టిక్‌కు ఇన్‌ఫ్రారెడ్ కన్నే లేదు. కాబట్టి దుకాణదారు “అన్నింటికీ పనిచేస్తది సార్” అని చేతిలో పెట్టే మామూలు యూనివర్సల్ రిమోట్‌తో స్టిక్ కదలదు.

అయితే ఇదే మీకు కలిసొచ్చే అంశం. బొమ్మనూ శబ్దాన్నీ కలిపి టీవీకి చేర్చే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో, తగిలించిన వస్తువులు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే సీఈసీ అనే ఏర్పాటు ఒకటి ఉంటుంది. సామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. పేరేదైనా పని ఒకటే. టీవీ సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేస్తే, టీవీ రిమోట్ మీది బాణాలతోనే స్టిక్‌ను నడపవచ్చు. సౌండ్‌బార్‌ను ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రానికి తగిలిస్తే, టీవీ వాల్యూమ్ బటన్‌తోనే దాని శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. అంటే రూపాయి ఖర్చు లేకుండా నాలుగు రిమోట్లు రెండయ్యాయి. మిగిలేది కేబుల్ డబ్బా. దాన్ని పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో తగిలించి ఉంటే ఈ సీఈసీ దానికి అందదు. టీవీ రిమోట్‌ను, డబ్బా రిమోట్‌ను కలపడానికే మీకు లర్నింగ్ రిమోట్ కావాలి.

ఫోన్‌లో యాప్ పెట్టుకుని, గోడకు చిన్న వైఫై ఇన్‌ఫ్రారెడ్ పరికరం తగిలించుకోమని మీకు ఎవరైనా సలహా ఇస్తారు, ఇచ్చే ఉంటారు కూడా. ఒంటరిగా ఉండే కుర్రవాళ్లకు అది బాగానే ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ లేచి, అది రౌటర్‌ను వెతుక్కుని, ఆ తరువాత ఫోన్‌లో యాప్ తెరుచుకునేలోగా మా బాపు లేచి వెళ్లి టీవీ మీది బటన్‌నే నొక్కి వస్తారు. రెడ్‌మీ వంటి కొన్ని ఫోన్లకు నెత్తిమీదే ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, అది అత్యవసరానికి పనికొస్తుంది. కానీ ఫోన్ పట్టుకుని మనం బజారుకు వెళితే ఇంటి రిమోట్ కూడా బజారుకు వెళ్లినట్టే కదా.

లర్నింగ్ రిమోట్‌ను హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో అడిగినా చూపిస్తారు. కొనే ముందు అక్కడే ఒక బటన్ నేర్పించి, సెల్లులు తీసి కాసేపు పక్కన పెట్టి, మళ్లీ వేసి చూడండి. నేర్పింది మరిచిపోతే దాన్ని వెంటనే వెనక్కి ఇచ్చేయండి. ఇంటికి తెచ్చాక రెండు రిమోట్లలోనూ కొత్త సెల్లులు వేసి, బల్ల మీద ముక్కుకు ముక్కు ఎదురుగా, రెండు మూడు వేళ్ల ఎడంతో పెట్టి, ఎండ పడని చోట నేర్పించండి. పాత రిమోట్ బటన్‌ను టక్కున నొక్కి వదలాలి, ఒత్తి పట్టుకోకూడదు. ఒకే అంకె వరుసగా రెండుసార్లు నొక్కితే, ఉదాహరణకు 11వ నంబర్ ఛానల్‌కు, రెండో నొక్కు పడకపోతే గాబరా పడవద్దు. ఫిలిప్స్ వాళ్లు తెచ్చిన ఆర్‌సీ-5 పద్ధతిలో ప్రతి కొత్త నొక్కుకూ సంకేతంలో ఒక చిన్న గుర్తు అటూ ఇటూ మారుతుంది; నేర్చుకున్న రిమోట్ ఎప్పుడూ ఒకే గుర్తు పంపుతుంది కాబట్టి, వేలు ఇంకా తీయలేదేమోనని డబ్బా అనుకుంటుంది. మధ్యలో ఇంకో బటన్ నొక్కితే సరిపోతుంది, లేదా ఆ ఛానల్‌కు పైకీ కిందికీ వెళ్లే బటన్‌తో చేరుకోవచ్చు.

ఇక్కడే లర్నింగ్ రిమోట్‌లోని అసలు సుఖం ఉంది: ఏ బటన్‌కు ఏం నేర్పాలో మన ఇష్టం, ఏం నేర్పకూడదో కూడా మన ఇష్టమే. బాపు రిమోట్‌లో నేను టీవీ పవర్, డబ్బా పవర్ వేర్వేరు బటన్లకు నేర్పించాను. దేని ఎర్ర లైటు వెలుగుతుంటే దాని బటన్ నొక్కుతారు, అంతే. వాల్యూమ్ టీవీది, ఛానల్ బటన్లు, అంకెలు డబ్బావి. సోర్స్ బటన్‌ను ఖాళీగా వదిలేశాను. అంతకుముందు మా ఇంట్లో “బొమ్మ వస్తలేదు” అనే ఫోన్లు వచ్చేవి ఆ ఒక్క బటన్ వల్లే. చెయ్యి తగిలి అది నొక్కుకుంటే నల్ల తెరమీద ‘సిగ్నల్ లేదు’ అని ఇంగ్లిష్‌లో వచ్చేది, అవ్వ టీవీ కాలిపోయిందనుకునేది. టీవీ ఆన్ కాగానే డబ్బా ఉన్న ఇన్‌పుట్‌కే వెళ్లేట్టు సెట్టింగ్ మీ టీవీలో ఉంటే అది కూడా పెట్టేయండి.

అంకెల మాట వచ్చింది కాబట్టి ఒక ఫిర్యాదు. ఇప్పటి స్మార్ట్ టీవీల రిమోట్ల మీద ఓటీటీ కంపెనీల బటన్లు నాలుగు ఉంటాయి, ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు మాత్రం ఉండవు. మా బాపుకు ఛానళ్లు పేర్లతో కన్నా నంబర్లతోనే గుర్తు. చందా కట్టని కంపెనీ బటన్ మన రిమోట్‌లో ఎందుకుండాలో, దాన్ని పొరపాటున నొక్కినప్పుడల్లా పూర్తి తెర ప్రకటన ఎందుకు భరించాలో నాకు అర్థం కాదు. అందుకే ఏ రిమోట్ కొన్నా అంకెలున్నది, అక్షరాలు పైపూతగా కాక రబ్బరులోనే అచ్చయినది చూసుకోండి. పైపూత అక్షరాలు ఆరు నెలల్లో అరిగిపోతాయి. రిమోట్‌కు పాలిథిన్ కవర్ తొడగడం మనకు అలవాటు, పారదర్శకంగా ఉన్నంతవరకు సంకేతానికి దానివల్ల నష్టం లేదు, కానీ కవర్ లోపల వేలికి బటన్ అంచు తెలియదు. చూపు మందగించినవాళ్లు వేలితో తడిమే నొక్కుతారు, టచ్ స్క్రీన్ వాళ్లకు పనికిరాకపోవడానికి కారణం కూడా అదే.

నేర్పడం అయిపోగానే పాత రిమోట్లను పారేయకండి. లర్నింగ్ రిమోట్ కింద పడి పగిలితే కొత్తదానికి మళ్లీ నేర్పడానికి అవే కావాలి. సెల్లులు తీసేసి పెట్టండి, లేకపోతే అవి కారి లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి. ఏసీ రిమోట్‌ను మాత్రం ఈ లెక్కలోకి తేవద్దు. ఏసీ రిమోట్ ఒక్కో నొక్కుకూ ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం, మోడ్ అన్నీ కలిపి ఒకే పెద్ద సంకేతంగా పంపుతుంది. మీరు 24 డిగ్రీల దగ్గర నేర్పిస్తే ఆ బటన్ ఎప్పుడు నొక్కినా 24 డిగ్రీలే వస్తుంది, పెంచడం తగ్గించడం కుదరదు. దానికి గోడకు ఒక పిడి బిగించి అక్కడే ఉంచండి.